కుండీలో మొక్క, కాలువలో గుర్రపుడెక్క

పట్నాల్లో కొత్త ఇళ్ల అలంకరణకు ఇప్పుడు ‘ట్రాపికల్ లుక్’ అని ఒక పేరు వచ్చింది. హాలు గోడకు అరటాకుల బొమ్మలున్న కాగితం అంటిస్తారు. మూలన కుండీలో అరికా పామ్, గుమ్మం పక్కన మాన్‌స్టెరా, ఇంటి ముందు తివాచీలా పరిచిన లాన్. ఉష్ణమండలంలో పుట్టి పెరిగిన మనకే ఉష్ణమండలాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారన్నమాట. లంకల్లో అరటి పండించే రైతు వ్యాపారి అడిగిన ధరకే గెల ఇచ్చి వస్తుంటే, గోడ మీది అరటాకుకు మాత్రం చదరపు అడుగు లెక్కన డబ్బు కడుతున్నారు.

ఎవరి ఇల్లు వారిష్టం, మనకెందుకు అని నవ్వి ఊరుకోవచ్చు. అలా ఊరుకోకూడదనే ఇది రాస్తున్నాం. అందం కోసం తెచ్చిన మొక్కలు ఆ ఇంటి ప్రహరీ లోపలే ఆగవు. వాటి నీళ్లు, వాటి పురుగు, వాటి కలుపు చివరికి వచ్చి పడేది మన పొలాల మీదే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో శివారు భూములున్న రైతులను అడగండి, గుర్రపుడెక్క అంటే ఏమిటో చెబుతారు. దాని పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం. ఊదారంగు పువ్వు ముచ్చటగా ఉందని పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చి నీటి తొట్లలో, చెరువుల్లో వేసుకున్నారు. ఈనాడు మన కాలువల్లో, మురుగు డ్రెయిన్లలో అది అల్లుకుపోయి శివారుకు నీరు అందనివ్వదు, వాన పడితే ముంపు నీరు దిగనివ్వదు. ఏటా తొలగింపు పనులకు ప్రజాధనం పోస్తూనే ఉన్నారు, అది పెరుగుతూనే ఉంది. అడవులను కప్పేసిన లాంటానా కథా ఇదే. అదీ తోటల్లో పూల కోసం వచ్చిన మొక్కే. పశువుల మేతను మింగేసింది.

ఇవి పాత కథలు అనుకుంటే కొత్తది కొబ్బరి రైతు చెబుతాడు. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కనిపించింది. అదే ఏడాది గోదావరి జిల్లాలకూ చేరింది. మధ్య అమెరికా ప్రాంతపు ఈ పురుగు దిగుమతి మొక్కలతో వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం. కొబ్బరి, ఆయిల్‌పామ్, అరటి, జామతో పాటు అలంకరణ మొక్కల మీదా అది బతుకుతుంది. ఆకు అడుగున గుండ్రంగా, మెలికలు తిరిగినట్టు గుడ్లు పెడుతుంది. అది విడిచే తేనెలాంటి జిగురు మీద నల్లటి మసి పడుతుంది. కోనసీమలో తోటలకు తోటలు మసిబారాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారు ఇసారియా శిలీంధ్రాన్ని, మిత్ర పురుగులను పెంచి ఇస్తున్నారు. ఘాటు మందులు కొడితే ఎన్‌కార్సియా లాంటి మిత్ర కీటకాలు చచ్చి తెల్లదోమే మిగులుతుందని వారు చెబుతున్నారు. మన రైతులు అది గుర్తుంచుకోవాలి, మందుల కొట్టువాడు ఏం చెప్పినా సరే. మసి పోవడానికి పలచని గంజి పిచికారీ చేస్తే చాలు, ఎండకు పొరలుగా ఊడిపోతుంది.

విదేశీ మొక్కల రాకకు అడ్డూ అదుపూ లేకపోలేదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం, వచ్చాక విడిగా ఉంచి పరిశీలించడం అన్నీ కాగితం మీద ఉన్నాయి. అయినా తెల్లదోమ ఓడరేవు దాటింది, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి లారీల్లో తిరిగింది. పట్టుబడని పురుగుకు మూల్యం చెల్లించింది క్వారంటైన్ అధికారులు కాదు, పది సెంట్ల కొబ్బరి తోట ఉన్న రైతు. కొత్త పురుగు వల్ల పోయిన పంటకు ప్రకృతి వైపరీత్యంతో సమానంగా పరిహారం ఇవ్వాలని మేము అడుగుతున్నది అందుకే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మా వేలు కడియం వైపు చూపడం లేదు. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక చుట్టూ నర్సరీల్లో మొక్కలు పెంచేవారు మన రైతులే, కౌలుదారులే, కూలీలే. కవర్లలో మట్టి నింపే ఆడవాళ్లు, అంట్లు కట్టే నేర్పరులు, లారీ ఎక్కించే హమాలీలు అందరూ మన వాళ్లే. ఫ్యాషన్ ఎక్కడో తయారవుతుంది, దాని నష్టం మాత్రం వీళ్ల మడుల్లో తేలుతుంది. కోనోకార్పస్ సంగతి చూడండి. పశువులు మేయవు, తొందరగా ఎదుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది అని రోడ్ల మధ్య డివైడర్లలో, కొత్త లేఅవుట్లలో వరసలు వరసలుగా నాటించారు. అడిగినవారికి అడిగినన్ని పెంచి ఇచ్చారు నర్సరీ రైతులు. తర్వాత పుప్పొడితో ఉబ్బసమన్నారు, వేర్లతో పైపులు పగులుతున్నాయన్నారు. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో నిషేధించాయి. తెలంగాణలో హరితహారంలోనూ వద్దన్నారు. దాని హాని ఎంత అన్న దానిపై శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. మా ప్రశ్న వేరు. నాటించమని ఆర్డర్లు ఇచ్చిన వారెవరైనా, మడుల్లో మిగిలిపోయిన మొక్కలకు రైతుకు ఏమైనా ఇచ్చారా?

2020 మార్చి లాక్‌డౌన్‌లోనూ ఇంతే. లారీలు ఆగాయి, మొక్కలు మాత్రం నీళ్లడగడం ఆపలేదు. వరి పోతే నష్టం రాసుకోవడానికి కనీసం ఒక ఫారమైనా ఉంటుంది. బీమాకు నోటిఫై చేసే పంటల జాబితాలో కుండీ మొక్క లేదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద వరి కౌలుదారుకే కార్డు దొరకడం గగనం, ఇక నర్సరీ కౌలుదారు సంగతి చెప్పేదేముంది.

ప్రభుత్వాలు, మున్సిపాలిటీలు, రహదారుల శాఖ వచ్చే ఏడాదికి ఏ మొక్కలు, ఎన్ని, ఏ ధరకు కొంటాయో ముందే ప్రకటించాలి. కానుగ, వేప, పొగడ, చింత, నేరేడు లాంటి నీడనిచ్చే చెట్లకే ఆ డబ్బు పోవాలి. వాటిని చిన్న నర్సరీల నుంచి నేరుగా కొనాలి, మధ్యలో కాంట్రాక్టరు వద్దు. పామ్ చెట్టు కింద బస్సు కోసం నిలబడి చూడండి, నీడ ఎంత పడుతుందో తెలుస్తుంది. కానుగ అయితే రోడ్డున పోయేవాడికి నీడ, కొమ్మలు కొట్టి పొలంలో తొక్కితే మడికి ఎరువు.

లాన్ లెక్క కూడా ఒకసారి వేద్దాం. ఎండాకాలంలో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. 100 గజాల లాన్‌కు రోజుకు 400 లీటర్లు దాటుతుంది. అయిదు పాడి గేదెలు వేసవిలో తాగే నీరది. జల్ జీవన్ మిషన్ లెక్కలో పల్లెలో మనిషికి రోజుకు ఇస్తామన్నది 55 లీటర్లు. ఏడుగురి వాటా గడ్డికి పోతోంది. ఆ నీరు బోరుదైతే ఊరందరిదీ, ట్యాంకరుదైతే పక్క ఊరి చెరువుదో బోరుదో. అపార్ట్‌మెంటు వాళ్లు బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకుంటే మాకు అభ్యంతరం లేదు. ఎకరాల కొద్దీ పచ్చిక పరిచే రిసార్టులు, వెంచర్ల సంగతి చెబుతున్నాం. వాటి బోర్లకు మీటరు పెట్టి, వాడిన నీటికి రుసుము వసూలు చేయాలి.

వేడి దేశంలో ఇల్లు ఎలా ఉండాలో మన పెద్దలకు ఎవరూ నేర్పలేదు. ముందు అరుగు, కిందికి వంగిన చూరు, పడమటి గోడకు దొండ పందిరో చిక్కుడు పందిరో. సాయంత్రపు ఎండ గోడకు తగలకుండా ఆకు అడ్డుకునేది. స్నానాల దొడ్డి నీరు పోయే చోట అరటి, దాని పక్కన చామ. కరివేపాకు, నందివర్ధనం, మందారం. మునగ చెట్టు ఇంటికి కాస్త దూరంగా, ఎందుకంటే దాని కొమ్మ పెళుసు, గాలికి విరిగి పెంకుల మీద పడుతుంది. దానికి శాస్త్రం పేరు తర్వాత తగిలించారు. ఇప్పుడు మన పల్లెల్లోనూ పెరడంతా సిమెంటు చేసి, ఆ సిమెంటు మీద పట్నం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ పూల కుండీ పెడుతున్నారు. కూర కోసం సంతకు పోతున్నారు. వాడిన నీరేమో వీధి కాలువలో దోమలను పెంచుతోంది.

తొలకరికి ఉపాధి హామీ నిధులతో నడిచే నర్సరీల్లో మొక్కలు సిద్ధమవుతున్నాయి. మన మండల కమిటీలు వెళ్లి ఏ మొక్కలు, ఎన్ని పెంచుతున్నారో చూసి రాసుకోవాలి. కవర్లు నింపే కూలీలకు చట్టం ప్రకారం కూలి అందుతున్నదో లేదో అక్కడే అడగాలి. ఆ జాబితాలు వచ్చే నెల సంచిక సిద్ధమయ్యేలోగా మాకు పంపితే, వాటితోనే కలెక్టర్లకు వినతిపత్రాలు ఇస్తాం.