యాత్రా దీపిక: నీలగిరులలో నిదానపు నడకలు

ఎల్‌.టి.సి.పై దక్షిణాదికి బయలుదేరే మన ఉద్యోగుల కుటుంబాలు ఉదకమండలానికి సాధారణంగా ఒకటిన్నర రోజు కేటాయిస్తాయి. ఉద్యానవనం, పడవ షికారు, దొడ్డబెట్ట శిఖరం, టీ పొడి, చాక్లెట్ల కొనుగోలు; ఆపైన మైసూరు ప్రయాణం. గూడలూరు దారిలో బండి సాగుతుండగా ఇరుప్రక్కలా చెట్టూ చేమా లేని గుట్టలు అలలవలె కానవస్తాయి. "ఇవి సినిమాలలో చూసినవే" అని పిల్లలు గుర్తుపడతారు. బండి మాత్రం ఆగదు. ఈ మాసం మేము పాఠకులను ఆ గుట్టల వద్దనే దించదలచినాము. పర్వతారోహణ అని భయపడనవసరం లేదు. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను సైతం వెంటబెట్టుకుని, చేతికర్ర ఆసరాతో, గంటా గంటన్నర సేపు సాగించదగిన నడకలే ఇవి.

ఉదకమండలం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. మైదానం నుండి ఎక్కిరావడమే కష్టం. పైకి చేరిన పిమ్మట నేల అంత నిటారుగా ఉండదు. గుండ్రని గుట్టలు, వాటి నడుమ వెడల్పైన లోయలు, లోయల అడుగున చిత్తడి నేలలు. ఆంగ్లేయులకు ఈ దృశ్యం స్వదేశాన్ని తలపించినది. 1891 నుండి 1896 వరకు మద్రాసు గవర్నరుగా ఉండిన వెన్లాక్ ప్రభువు పేరు తగిలించి ఈ పచ్చిక బయళ్లను వెన్లాక్ డౌన్స్ అన్నారు. అంతకు శతాబ్దాల ముందు నుండే తోడాలు ఇక్కడ తమ గేదెలను మేపుకుంటున్నారు. ఈ గుట్టలకూ వాగులకూ వారి భాషలో వేరే పేర్లున్నవి.

గూడలూరు రహదారిపై తొమ్మిదో మైలు వద్ద అటవీ శాఖ రుసుము చెల్లించి గుట్ట మీదికి నడవవచ్చును. చిత్రీకరణలు విరివిగా జరిగినందున దీనికి 'షూటింగ్ మేడు' అన్న పేరు కూడా స్థిరపడినది. కథానాయికలు పరుగెత్తిన వాలు చూసి ఫోటో దిగి వెనుదిరిగేవారే అధికం. మరొక్క పావుగంట పైకి నడచి, ఊపిరి సర్దుకున్నాక చుట్టూ పరికించండి. గుట్టల వీపుల మీద గడ్డి. కొండ మడతలలో, నీరు జారే చోట్ల మాత్రం ముదురాకుపచ్చని పొట్టి అడవి, ఎవరో గీత గీసి ఆపినట్లు. ఈ చిన్న అడవులను షోలాలంటారు.

అడవి నరికివేయగా మిగిలిన బీడే ఈ పచ్చిక అని చాలామంది తలుస్తారు. వాస్తవం వేరు. శీతకాలపు రాత్రులలో తెరపి నేల మీద మంచు తెల్లని పొడివలె పేరుకుంటుంది. దానికి చెట్ల లేత మొలకలు మాడిపోతాయి, గడ్డి తట్టుకుంటుంది. చిత్తడి నేలలలో పొరలుగా పేరుకున్న కుళ్లుమట్టిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, మనిషి ఇక్కడ సేద్యం మొదలుపెట్టకముందే, వేల ఏండ్ల క్రితమే, ఈ కొండల మీద గడ్డి ఉండినదని తేల్చారు. కాలి క్రింది నేలను ఒకసారి మడమతో అదిమి చూడండి. గడ్డి వేళ్ల క్రింది నల్లని మట్టి వానాకాలమంతా నీటిని పీల్చుకుని, ఆ తరువాత నెలల తరబడి చుక్క చుక్కగా విడుస్తుంది. మార్చి నెలలో కూడా లోయలో సన్నని వాగు పారుతున్నదంటే అది ఈ గడ్డి చలువే. ఆ వాగులు పైకారా, మోయార్, భవానీ నదుల గుండా చివరకు కావేరిలో కలుస్తాయి.

ఈ సంగతి గ్రహించనందువలన జరిగిన అనర్థమూ ఇక్కడే కంటికి కనిపిస్తుంది. చెట్టు లేని నేల వ్యర్థమన్న భావనతో పందొమ్మిదో శతాబ్దం నుండి ఆస్ట్రేలియా దేశపు యూకలిప్టస్, వాటిల్ చెట్లను వంటచెరకు కోసం, తోళ్లు పదునుపెట్టే బెరడు కోసం ఇక్కడ నాటారు. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వమే ఆ పనిని మరింత విస్తారంగా సాగించినది. వాటిల్ ఇప్పుడు ఎవరూ నాటకుండానే గింజ రాలి మొలిచి గడ్డిని మింగుతున్నది. యూకలిప్టస్‌ను మన తెలుగువారు నీలగిరి చెట్టని, దాని నూనెను నీలగిరి తైలమని పిలవడం ఎంత విచిత్రమో చూడండి. జలుబు చేస్తే రుమాలుకు పూసుకునే ఆ తైలపు చెట్టుకు ఈ కొండలతో పరిచయం రెండు వందల ఏండ్లయినా లేదు.

ఊరి వైపు తిరిగి వస్తుంటే అదే రహదారి ప్రక్కన పైన్ చెట్ల తోపు, దాని దిగువన కామరాజ్ సాగర్ జలాశయం. రెండవ నడక ఇది. తోపులోని వాలు దారి నీటి ఒడ్డుకు దిగుతుంది. తిరుగుదారి కొద్దిపాటి ఎక్కుడు గనుక పెద్దలు నడుమ నడుమ ఆగుట మంచిది. తోపు అందమైనదే, కాదనము. అయితే రాలిన సూదుల వంటి ఆకుల క్రింద దాదాపు ఏమీ మొలవదు. అంతకుముందే పచ్చికలో నడచి వచ్చినవారికి ఆ నిశ్శబ్దం వేరుగా తోస్తుంది. ఒడ్డున మాత్రం ఎంతసేపు కూర్చున్నా తనివి తీరదు.

ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని పైకారా వద్ద పడవల రేవు, విశాలమైన సరస్సు, కొద్ది దూరాన జలపాతం ఉన్నవి. పైకారా తోడాలకు పవిత్రమైన నది. 1932లో ఆరంభమైన ఇక్కడి జలవిద్యుత్కేంద్రం దక్షిణ భారతంలో మొదటితరం కేంద్రాలలో ఒకటి. కొండకు అవతలివైపు, 1950, 60 దశకాలలో కొలంబో ప్రణాళిక క్రింద కెనడా సహాయంతో కుందా పథకం రూపొందినది. అవలాంచి, ఎమరాల్డ్, అప్పర్ భవానీ జలాశయాలు దాని ఫలితాలే. ఉదకమండలం నడిబొడ్డునున్న సరస్సు సైతం కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1823-25 మధ్య త్రవ్వించినదే. ఒకప్పుడు దాని నీరు పరచుకున్న చోటనే తరువాత గుర్రపు పందెపు మైదానం, బస్సు స్టాండు వెలసినవి.

అనగా, మనం ఒడ్డున నిలిచి మురిసిపోయే ఈ సరస్సులన్నీ మానవ నిర్మితాలే. ప్రతి జలాశయం అడుగునా ఒక గడ్డి లోయ, ఒక చిత్తడి నేల మునిగి ఉన్నది. ప్రభుత్వ రంగంలో జీవితం గడిపే మనం ఆనకట్టలను నిందించలేము. మన పట్టణాలలో వెలిగిన దీపాలకు వాటి ఋణమున్నది. కాని ఆనకట్టలోకి నీరు చేరవలసింది ఆ మిగిలిన పచ్చిక నుండే. గుట్ట మీద గడ్డి తరిగితే వేసవిలో జలాశయానికి వచ్చే ఊటా తరుగుతుంది. ఇంజనీరు మిత్రులు ఈ లెక్కను మాకంటె బాగుగా వేయగలరు.

మన రంగానికే చెందిన మరొక గుర్తు కూడా ఈ దారిలోనే ఉన్నది. 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం చుట్టూ వెలసిన కాలనీయే ఇందునగర్. 'ఇందు' పేరిట వెలువడిన నలుపు-తెలుపు ఫిల్ము, ఎక్స్‌రే ఫిల్ము ఒక తరం భారతీయుల పెళ్లి ఫోటోలకూ విరిగిన ఎముకలకూ సాక్ష్యం. ఫిల్ము కాలం చెల్లి కర్మాగారం మూతపడినది. దాటిపోయే పాఠకులు ఒక్క క్షణం అటు చూడవలెనని మా మనవి.

అవలాంచి వైపు అటవీ శాఖ అనుమతి, వారి వాహనం లేనిదే లోనికి పోరాదు. అక్కడ సొంత నడకకు పూనుకోవద్దు. 2019 ఆగస్టులో అక్కడ ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది! ఎమరాల్డ్ గ్రామం దాకా తేయాకు తోటలు, క్యారెట్టు మళ్ల నడుమ రోడ్డు వెంట నడచినా చాలు.

ఉద్యానవనం పైభాగాన తోడాల మందు ఒకటున్నది. మందు అనగా వారి పల్లె. సగం పీపాను బోర్లించినట్లుండే వారి సంప్రదాయ గృహాన్ని, ఒంగి ప్రాకితే తప్ప పోలేని దాని ద్వారాన్ని చూడవచ్చును. అడగకుండా ఫోటో తీయుట, గుడి సమీపానికి పోవుట తగదు. వారి గుళ్ల కప్పుకు వాడే గడ్డి చిత్తడి నేలలలో మాత్రమే మొలుస్తుంది. అది ఇప్పుడు దొరకడం కష్టమైనది. ఎర్ర, నల్ల దారాలతో వారి స్త్రీలు కుట్టే శాలువలకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొనదలచినవారు బేరమాడకుండా వారి వద్దనే కొనుట మేలు.

నడకకు జనవరి నుండి మార్చి వరకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలలలో రద్దీ మెండు. జూన్ నుండి పడమటి వైపు వాన విపరీతం, షోలాల అంచున జలగలు తప్పవు. హృద్రోగులు మొదటి రోజు విశ్రమించి రెండవ రోజు నడవడం మంచిది. 2024 మే నెల నుండి హైకోర్టు ఆదేశానుసారం బయటి వాహనాలకు ఈ-పాస్ విధానం వచ్చినది. బయలుదేరే ముందు నాటి నిబంధనలు సరిచూసుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషిద్ధం గనుక స్టీలు సీసా దగ్గర పెట్టుకోండి. గడ్డిలో కాలిబాట ఉన్న చోట దానిని విడువకండి. ఈ మధ్య అడవిదున్నలు ఊరి రోడ్ల మీదికే వస్తున్నాయి. అటువంటిది ఎదురైతే కేకలు వేయక, ఫోటో కోసం దగ్గరకు పోక, అది దాటిపోయే వరకు దూరాన నిలబడండి.