నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువైనట్టు కాదు



ఓ.పి.కి వచ్చే తల్లులు మాతో తరచుగా అనే మాట ఒకటుంది: "గుడ్డలన్నీ లోషన్ నీళ్లల్లో పిండేసినాం సిస్టర్, అయినా దురద పోలా." వాళ్ల కష్టంలో లోపం లేదు. నురగ, ఘాటైన వాసన ఉంటే బట్ట శుభ్రమైనట్టే అనే మన నమ్మకంలోనే లోపముంది. బాగా జాడించి, ఎండలో పూర్తిగా ఆరిన బట్టే శుభ్రమైన బట్ట అని మా అభిప్రాయం.

మన సముద్రతీర గ్రామాల్లో చాలా బోర్లలో ఉప్పు నీళ్లే. ఆ నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. నురగ కోసం ఇంకా సబ్బు రుద్ది, నీళ్లు చాలక ఒక్కసారే జాడిస్తాము. అలా మిగిలిన సబ్బు వల్ల పసిబిడ్డల చర్మం ఎర్రబారుతుంది. సబ్బు తగ్గించండి, జాడింపు పెంచండి. కుదిరితే చివరిసారి మంచినీళ్లలో జాడించండి.

ఇక లోషన్ సంగతి. నర్సింగ్ నేర్చుకునే రోజుల్లో మేమూ ఒక మూతకు బదులు నాలుగు మూతలు పోసేవాళ్లము. మా చేతుల తోలు ఊడింది గాని బట్టకు ఒరిగిందేమీ లేదు. మురికి వదలని బట్ట మీద లోషన్ సరిగా పనిచేయదు. గజ్జి ఉన్న ఇంట్లో బట్టలు, దుప్పట్లు బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండవేయాలి. ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి వారం రోజులు ఉంచితే పురుగు చస్తుంది. డాక్టరు గారు చెప్పిన మందు ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. 1854లో స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా ఒక ఇల్లు తీసుకుని, నీళ్లు కాచే బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలతో బట్టలు ఉతికించారు.

కలరా ఉండల పేరులో కలరా ఉంది గాని, అవి కలరాను ఆపవు. బట్టలు కొరికే పురుగుల కోసమే అవి. జి6పిడి లోపంతో పుట్టిన బిడ్డకు ఆ ఘాటు తగిలితే రక్తకణాలు పగిలి కామెర్లు ముదరవచ్చు. ఏ బిడ్డకు ఆ లోపముందో చూసి చెప్పలేము. కాబట్టి బాలింత బట్టల్లో, బిడ్డ బట్టల్లో వాటిని వేయవద్దు. పెట్టెలోని పాత బట్టలను ఉతికి, ఎండవేసిన తరువాతే బిడ్డకు తొడగండి.

చివరిగా, చెప్పడానికి అందరూ సంకోచించే మాట. నెలసరి గుడ్డలను మన ఆడబిడ్డలు ఇంటి చూరు కింద, మంచం వెనుక, తడి చీర మాటున ఆరవేస్తున్నారు. చెమ్మ ఆరని గుడ్డ బూజు పట్టి, దురదకు, పుండ్లకు కారణమవుతుంది. ముందు చల్లటి నీళ్లలో నానబెట్టి (వేడి నీళ్లలో మరక గట్టిపడుతుంది), సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయాలి. మొహమాటమైతే పైన పలుచని గుడ్డ కప్పండి. తల్లులారా, ఈ మాట మీ కూతుళ్లకు మీరే చెప్పండి. తండ్రులారా, అన్నలారా, దండెం మీద ఆ గుడ్డ కనబడితే ఏమీ అనకండి. మీరు ఒక్క మాట అంటే అది మళ్లీ చీకట్లోకే పోతుంది.

మన తీరంలో మంచినీళ్లకు కరువుండవచ్చు గాని ఎండకు కరువు లేదు. దానికి డబ్బు కూడా కట్టనక్కరలేదు. సందేహముంటే మా సిస్టర్లలో ఎవరినైనా అడగండి, సిగ్గుపడకండి.