లాప్‌టాప్ వేడెక్కితే బోర్డు మార్చవలసిందేనా?

ఎండలకు పల్నాడు పెట్టింది పేరు. రెంటచింతలలో వేసవి పగళ్ళు 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. ఎండ ముదిరితే మనిషి చెట్టు నీడకు చేరతాడు, గేదె చెరువులో దిగుతుంది. రేకుల గదిలో పరుపుమీద పెట్టి వాడే లాప్‌టాప్ మాత్రం ఎక్కడికీ పోలేదు. యంత్రం చుట్టూ ఉండే గాలి వేడి 35 డిగ్రీలు మించరాదని చాలా కంపెనీలు వివర పత్రంలోనే రాసి ఇస్తున్నాయి. ఇక్కడ ఎండలు పూర్తిగా ముదరకముందే ఆ హద్దు దాటిపోతుంది.

2020, 2021 సంవత్సరాల్లో కరోనావల్ల పాఠాలు ఇళ్ళకు మారినప్పుడు అప్పో సప్పో చేసి పిల్లలకు లాప్‌టాప్‌లు కొనిచ్చిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వాటి గ్యారంటీ గడువు చాలావరకు తీరిపోయింది. ఇప్పుడు ఫ్యాను హోరెత్తుతోంది. అడుగుభాగం చేయి పెట్టనీయడంలేదు. పరీక్షలు దగ్గరపడి ప్రాజెక్టు రాసుకుంటుండగా తెర ఉన్నట్టుండి ఆరిపోతోంది. దుకాణానికి తీసుకుపోతే తరచు వినిపించే జవాబు ఒక్కటే: "బోర్డు పోయింది. మార్చాలంటే వేలల్లో అవుతుంది. దానికంటే కొత్తది కొనుక్కోవడం మేలు." కౌలు రైతు కుటుంబానికి ఆ మాట పిడుగుపాటే. మళ్ళీ అప్పు పుట్టకపోతే ఆ పిల్లవాడి చదువు కుంటుపడుతుంది.

నిజంగా బోర్డు పోయినవి లేకపోలేదు. కాని వేడెక్కిన ప్రతి యంత్రమూ చచ్చిన యంత్రం కాదు. ప్రాసెసర్ చిప్పు వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే యంత్రం ఆగిపోతుంది. అది చాలాసార్లు తనను కాపాడుకోవడానికి చేసే పనే.

ఆ వేడిని బయటకు చేరవేసేవి చిప్పుపై బిగించిన రాగి పలక, దానికి అతికిన గొట్టం, చివరనున్న ఫ్యాను. చిప్పూ పలకా పైకి నున్నగానే ఉన్నా రెంటి మధ్య కంటికి కనబడని సందులుంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి సరిగా దాటదు. గొంగళి వెచ్చగా ఉండేది అందులో చిక్కుకున్న గాలివల్లనే కదా! ఆ సందులు పూడ్చడానికే కంపెనీవారు థర్మల్ పేస్టు పూస్తారు. గోడ రాళ్ళ మధ్య సున్నం ఎలాగో ఇదీ అలాగే. మంచి పేస్టు గాలికన్న వందరెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఎండి బిరుసెక్కుతుంది, కొంత పక్కలకు జరిగిపోతుంది. దీనికి తోడు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ము, రోడ్ల దుమ్ము ఫ్యానులో మేటవేస్తుంది.

దీనికి వైద్యం పెద్దదేమీ కాదు. మూత విప్పి, బాటరీ తీగ తప్పించి, దుమ్ము దులిపి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది పలుచగా పెట్టి పలకను సమంగా బిగించాలి. పేస్టు ఖరీదు వందల్లోనే ఉంటుంది. అయితే పని తెలిసినవారే చేయాలి. దట్టంగా పూస్తే మేలు జరగదు. పక్క చిప్పులపై ఉండే మెత్తటి పాడ్‌ల చోట పేస్టు రాస్తే సందు నిండదు. ద్రవలోహం పేరుతో అమ్మే రకం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డుపై చిందితే షార్టు అవుతుంది. గ్యారంటీ ఉన్న యంత్రాన్ని కంపెనీ సర్వీసు కేంద్రానికే తీసుకుపోవడం మంచిది.

దుకాణదారుల ఇబ్బందినీ గమనించాలి. పాత యంత్రం విప్పేటప్పుడు సన్నని తీగ తెగితే నింద వారిదే. గంటసేపు చేసిన పనికి కూలి ఇవ్వడానికి బేరమాడేవారు కొత్త బోర్డుకు మాత్రం అడిగినంత ఇస్తున్నారు. శ్రమకు తగిన కూలి దక్కితే బోర్డు అమ్ముకోవలసిన అవసరం తగ్గుతుంది. దుకాణదారులు కూడా చేయబోయే పనికి అంచనా రాసి ఇవ్వాలి. పనికి ముందు వేడి ఎంత, తర్వాత ఎంత అన్నది తెరమీదే చూపించాలి. అందుకు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తీసేసిన భాగాన్ని ఖాతాదారు చేతికి ఇవ్వాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. మరమ్మతు వినియోగదారుని హక్కు అన్న మాట ఢిల్లీలో వినబడితే చాలదు, బస్టాండు పక్క దుకాణంలోనూ అమలు కావాలి. ఐటిఐలలో కంప్యూటర్ హార్డ్‌వేర్ ట్రేడు ఉంది. ఆ ట్రేడు నడుస్తున్న సంస్థలు, ఇంజనీరింగు కాలేజీలు ఏటా వేసవికి ముందు రెండు రోజుల శిబిరం పెట్టి విద్యార్థుల లాప్‌టాప్‌లను శుభ్రం చేయిస్తే నేర్చుకునేవారికి పని వస్తుంది, పేద విద్యార్థికి ఖర్చు తప్పుతుంది. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది.

ఎద్దుకు జ్వరం వస్తే సంతకు తోలేముందు పశువైద్యునికి చూపించడం పల్నాటి రైతుకు తెలియనిది కాదు. పిల్లవాని చదువుకు ఆధారమైన యంత్రానికీ ఆపాటి వైద్యం జరగాలి. "బోర్డు పోయింది" అన్న మాట వినగానే తల ఊపకుండా, "పేస్టు మార్చి చూశారా?" అని ఒక్క ప్రశ్న వేయడం తల్లిదండ్రులు అలవాటు చేసుకోవాలి.