బత్షెబ మేడ మీద లేదు

మేడ మీద తిరుగుతున్న దావీదుకు స్నానం చేస్తున్న స్త్రీ కనబడింది. రెండవ సమూయేలు గ్రంథం 11వ అధ్యాయం చెప్పేది అంతే. మేడ మీద ఉన్నది రాజు. ఆమె ఎక్కడ స్నానం చేస్తోందో గ్రంథం చెప్పదు. రాజు మనుషులను పంపి ఆమెను రప్పించుకున్నాడని మాత్రం స్పష్టంగా రాసింది. అయినా ఎన్నో ప్రసంగాల్లో, బొమ్మల్లో బత్షెబ మేడెక్కి రాజును వలలో వేసుకున్న మనిషే. 1951 నాటి హాలీవుడ్ చిత్రం 'డేవిడ్ అండ్ బత్షెబ'లోనైతే, రాజు కంట పడాలనే అలా చేశానని ఆమె నోటితోనే చెప్పించారు.

బైబిలు స్త్రీల కథలను మళ్లీ చెబుతున్న నేటి క్రైస్తవ నవలలకు ఈ నిందే అసలు పరీక్ష. అమెరికాలో ఈ నవలలకు పెద్ద పాఠకలోకం ఉంది. ఫ్రాన్సిన్ రివర్స్ 2000, 2001 సంవత్సరాల్లో తామారు, రాహాబు, రూతు, బత్షెబ, మరియల మీద ఐదు చిన్న నవలలు తెచ్చారు. మత్తయి సువార్తలోని యేసు వంశావళిలో చోటు దక్కిన స్త్రీలు ఈ ఐదుగురే. జిల్ ఐలీన్ స్మిత్ దావీదు భార్యల మీద వరుసగా రాశారు. రెండు మూడు వచనాల్లో వచ్చిపోయే స్త్రీకి ఇల్లూ వాకిలీ, ఆకలీ భయమూ ఇచ్చిన ఈ రచయిత్రుల మేలు చిన్నది కాదు.

ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన టెస్సా అఫ్షార్ నవల 'పెర్ల్ ఇన్ ద శాండ్' (2010) అందుకు మంచి ఉదాహరణ. యెహోషువ గ్రంథం రాహాబును వేశ్య అని పరిచయం చేస్తుంది, ఆ బతుకులోకి ఎలా వచ్చిందో చెప్పదు. పంటలు పోయి కుటుంబం పస్తులుంటే తండ్రే కూతురిని ఆ వృత్తిలోకి దించాడని అఫ్షార్ ఊహించారు. ఇది చదివాక మళ్లీ బైబిలు తెరవండి. యెరికో కూలబోతున్నప్పుడు రాహాబు తన దగ్గరికి వచ్చిన ఇశ్రాయేలు వేగులవారిని ఎవరెవరి ప్రాణాలు అడిగింది? తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఆ వరుసలో మొదటివాడు తండ్రే. ఒక్క అక్షరం మార్చకుండానే ఆ వచనం బరువెక్కుతుంది. కల్పన గ్రంథానికి చేయగల సేవ ఇదే.

బత్షెబ దగ్గరికి వచ్చేసరికి ఈ నిజాయితీ సడలింది. రివర్స్ నవలలో ఆమె చిన్ననాటి నుంచే దావీదు మీద మనసు పెట్టుకుని ఉంటుంది. దాంతో రాజు అధికారంతో చేసిన పని ఇద్దరూ కలిసి చేసిన తప్పుగా మారిపోతుంది. యూదు రచయిత్రి అనితా డయమంట్ 'ద రెడ్ టెంట్' (1997)లో యాకోబు కూతురు దీనా కథకూ ఇదే గతి. ఆదికాండము 34వ అధ్యాయంలో షెకెము ఆమెను బలవంతం చేశాడు, నవలలో వాళ్లిద్దరూ ప్రేమికులు. ఆదికాండములో ఒక్క మాటైనా పలకని దీనాకు గొంతు ఇచ్చినందుకు డయమంట్‌ను మెచ్చుకుంటాను. కానీ ఆ గొంతుకు దక్కిన మొదటి పని, జరిగిన బలాత్కారాన్ని కాదనడమా?

ప్రేమకథ పాఠకులను పట్టి ఉంచుతుంది, నిజమే. క్రైస్తవ విశ్వాసంలోకి రాకముందు రివర్స్ కూడా మామూలు ప్రేమ నవలలే రాశారు. నవలకు స్వేచ్ఛ లేదా అంటే, ఉంది. అయితే ఆమె పుస్తకాల చివర బైబిలు అధ్యయనానికి ప్రశ్నలుంటాయి. స్త్రీల కూడికల్లో వాక్యంతో పాటు చదవాల్సిన పుస్తకమైనప్పుడు బాధ్యతా పెరుగుతుంది.

బత్షెబ విషయంలో నాతాను ప్రవక్త దావీదును నిలదీసిన తీరు చూడండి. పేదవాడి గొఱ్ఱెపిల్ల అతని చేతి ముద్ద తిని, అతని గిన్నెలో తాగి, అతని కౌగిట పడుకునేది. ధనవంతుడు దాన్ని లాక్కుని వండించాడు. ఆ ఉపమానంలో గొఱ్ఱెపిల్ల చేసిన తప్పు ఏదీ లేదు. మత్తయి కూడా బత్షెబను ఊరియా భార్యగానే చెప్పి, రాజు చేసిన నేరం మరుగున పడకుండా చూశాడు. నేటి నవలల కన్నా ఆ ప్రాచీన గ్రంథమే ఆమె పక్షాన గట్టిగా నిలబడింది.

పురాణ స్త్రీలను తిరిగి పలికించడం తెలుగుకు కొత్త కాదు. సీత శూర్పణఖను, అహల్యను కలిసి మాట్లాడే ఓల్గా 'విముక్త'కు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ధైర్యం మన క్రైస్తవ రచయిత్రులకూ కావాలి. రెండవ సమూయేలు 21వ అధ్యాయంలో రిస్పా ఉంది. దావీదుకు ముందటి రాజు సౌలు ఉపపత్ని. ఆమె ఇద్దరు కొడుకులను మరో ఐదుగురితో పాటు ఉరితీస్తే, కోతకాలం మొదలు వాన కురిసేదాకా బండ మీద గోనెపట్ట పరుచుకుని పగలు పక్షులను, రాత్రి మృగాలను ఆ శవాల దరి చేరనివ్వలేదు. చివరికి రాజే దిగివచ్చి ఎముకలు ఏరించి పాతిపెట్టించాడు. ఆమె చెప్పిన మాట ఒక్కటీ గ్రంథంలో లేదు. ఈ కథకు ప్రేమికుడు అక్కర్లేదు. దీన్ని తెలుగులో రాయండి. రాస్తే సంఘ పత్రికలు ధైర్యంగా అచ్చువేయాలి.