ఆ రెండేళ్లూ ఖాళీ కాదు

"అది సరే, అది కాక ఇంకేం చేశావు?"

ఒక బిజినెస్ స్కూలు ఇంటర్వ్యూలో మా పిన్ని కూతుర్ని అడిగిన ప్రశ్న ఇది. బి.టెక్. అయ్యాక ఏడాదిన్నర ఉద్యోగం చేసి, ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో ఎందుకున్నావన్నారు. అమ్మకి పక్షవాతం వచ్చింది, చూసుకున్నానంది. ముగ్గురిలో ఒకాయన, కోపంగా ఏం కాదు, చాలా మర్యాదగానే ఆ మాట అడిగాడట. బయటికి రాగానే నాకు ఫోన్ చేసింది. "అక్కా, నాకేం జవాబు తోచలేదు. అది కాక ఇంకేం చెయ్యడానికి టైమెక్కడుంది?"

సీటు రాలేదు. ఆ ఒక్క ప్రశ్న వల్లే రాలేదని నేననను. నా పేచీ సీటుతో కాదు, ఆ "అది కాక"తో.

ఆ "అది"లో ఏముందో చెప్తాను. పిన్ని మొదటి ఎనిమిది నెలలూ మంచం దిగలేదు. మంచాన ఉన్న మనిషికి పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మింగడం కష్టమైతే అన్నం మెత్తగా చేసి, కూర్చోబెట్టి, చెంచాతో పెట్టాలి. బీపీ రాసుకోవాలి. ఫిజియోథెరపీ చేయించే మనిషి రాని రోజు ఆ వ్యాయామాలన్నీ తనే చేయించాలి. బీమా కాగితాలు నాలుగుసార్లు తిరిగొస్తే అయిదోసారి పంపాలి. తెనాలి దగ్గరున్న రెండెకరాల కౌలు లెక్క చూడాలి. ఇవన్నీ చేసిన ఇరవై అయిదేళ్ల పిల్ల దరఖాస్తులో ఆ రెండేళ్ల పేరు "గ్యాప్". అంటే ఖాళీ.

ఇదే ఇంట్లో ఇంకో కథ కూడా ఉంది. దాని అన్న, నాకు తమ్ముడి వరస, అదే ఏడు ఎంబీఏకి దరఖాస్తు చేశాడు. జీమ్యాట్ స్కోరుతో పాటు వ్యాసాలు కూడా రాయాలి. మీ జీవితంలో ఎదురైన కష్టమేమిటి, దాన్నుంచి ఏం నేర్చుకున్నారు అని అడుగుతారు. వాడు అమ్మ జబ్బు గురించి రాశాడు. ఆ కష్టం తనకి ఓర్పునీ నాయకత్వాన్నీ నేర్పిందని రాశాడు. తల్లి దగ్గర వాడున్నది పదకొండు రోజులు. వాడి సీటు వాడికొచ్చింది. అబద్ధమాడాడని నేననను, వాడూ ఏడ్చాడు. కానీ ఒకే మంచం, ఒకే తల్లి. పదకొండు రోజులున్న కొడుక్కి అది అనుభవమైంది. రెండేళ్లున్న కూతురికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఖాళీ అయింది.

ఆ వ్యాసం దిద్దింది నేనే. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది కదా, బంధువుల పిల్లల దరఖాస్తులన్నీ నా దగ్గరికే వస్తాయి. దిద్దుతున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ సంగతి కూడా ఇక్కడ రాసి తీరాలి.

దరఖాస్తుల సంగతి అలా ఉంచి పరీక్షకొద్దాం. ఐఐఎంలు నిర్వహించే క్యాట్‌కి 2024లో జనరల్ అభ్యర్థి కట్టాల్సిన రుసుము 2,500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకి అందులో సగం. పరీక్ష రెండు గంటలు. మూడు విభాగాలు, ఒక్కోదానికి నలభై నిమిషాలు, ఒకటి ముగియకుండా ఇంకోదానికి వెళ్లడానికి లేదు. దీనికి సిద్ధమవడమంటే ముఖ్యంగా మాక్ టెస్టులు రాయడం. రెండు గంటలు మధ్యలో లేవకుండా, ఎవరూ పిలవకుండా రాయాలి, ఆ తర్వాత తప్పులు సరిచూసుకోవాలి. మా చెల్లి చదవడం మొదలుపెట్టింది పిన్ని మంచంలో ఉన్న రోజుల్లోనే. పిన్నిని పక్కకి తిప్పడానికీ రెండు గంటలే, పరీక్షకీ రెండు గంటలే. ఆ ఏడు అది ఒక్క మాక్ టెస్టు కూడా లేవకుండా పూర్తిచెయ్యలేదు. ప్రతిభని కొలుస్తున్నామంటారు. ఆ కొలతలో, ఇంట్లో ఎవరూ పిలవని రెండు గంటలు ఎవరికున్నాయన్న లెక్క కూడా కలిసిపోయి ఉందని మాత్రం ఒప్పుకోరు.

తప్పులకి వేసే మార్కులు కూడా చూడండి. ఆప్షన్లున్న ప్రశ్నకి సరైన జవాబుకి మూడు మార్కులు, తప్పుకి ఒకటి కోత. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, నాలుగింట ఒకసారి వచ్చే మూడూ, మిగతా మూడుసార్లు పోయే మూడూ సరికి సరి. ఒక్క ఆప్షన్ తప్పని తేల్చుకోగలిగితే ఊహించడం వల్ల సగటున లాభమే. ఈ లెక్క తెలిసి కూడా మా చెల్లి వదిలేసేది. "తప్పయితే?" అనేది. అమెరికాలో కేథరిన్ బాల్డిగా చేసిన ప్రయోగాల ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. తప్పుకి కోత ఉన్నప్పుడు, తెలివి సమానంగా ఉన్నా ఆడవాళ్లే ఎక్కువ ప్రశ్నలు వదిలేశారు. కోత తీసేస్తే ఆ తేడా పోయింది. అక్కడి శాట్ పరీక్షలో 2016లో కోత ఎత్తేశారు కూడా. పుట్టినప్పట్నుంచీ తప్పు చెయ్యకు, తప్పు మాట్లాడకు, అడుగు తప్పెయ్యకు అని పెంచిన పిల్లని కూర్చోబెట్టి, తప్పుకి వెరవని ధైర్యాన్ని తెలివి పేరుతో కొలుస్తున్నాం.

అమ్మాయిలకి అదనపు మార్కులిస్తున్నారు కదా అంటారు. నిజమే, కొన్ని ఐఐఎంలు ఎంపికలో జెండర్ వైవిధ్యానికి మార్కులు కలుపుతున్నాయి. 2013లో కోజికోడ్ ఐఐఎం కొత్త బ్యాచ్‌లో సగానికి పైగా అమ్మాయిలే. ఆ మార్కులు వద్దని నేననను. ప్రతిభ పలచబడిపోతోందని గోల పెట్టేవాళ్లతో చేరే ఉద్దేశమూ లేదు. కానీ ఆడపిల్లవని ఒక చేత్తో మార్కులు కలిపి, ఆడపిల్లవి కాబట్టి నీ మీద పడ్డ రెండేళ్ల చాకిరీని ఇంకో చేత్తో ఖాళీగా లెక్కవేస్తే దాన్ని వైవిధ్యమంటామా? పని అనుభవాన్ని నెలల్లో లెక్కపెడతారు. డిగ్రీ తర్వాత చేసిన జీతం ఉద్యోగమే ఆ లెక్కలోకొస్తుంది. అంటే తరగతిలో ఆడవాళ్లు కావాలి, ఆడవాళ్ల బతుకు అక్కర్లేదు.

ఈ చూపు ఎక్కడిదో కొంత వెతకొచ్చు. 1961లో అహ్మదాబాద్ ఐఐఎం పుట్టింది హార్వర్డ్ బిజినెస్ స్కూలు సహకారంతో. కేస్ పద్ధతి కూడా అక్కడిదే. ఒక కంపెనీ, ఒక చిక్కు, నిర్ణయం తీసుకోవాల్సిన ఒక మనిషి, ఇలా పాఠమంతా ఒక కథగా ఉంటుంది. ఆ హార్వర్డ్ రెండేళ్ల ఎంబీఏలోకి ఆడవాళ్లని నేరుగా చేర్చుకున్నది 1963లో. 2014లో అక్కడి డీన్ నితిన్ నోరియా, తమ స్కూలు ఆడవాళ్లని చూసిన తీరుకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అప్పటికి వాళ్ల కేసుల్లో ముఖ్యపాత్ర స్త్రీ అయినవి నూటికి తొమ్మిదో ఏమో. అయిదేళ్లలో ఇరవై చేస్తామన్నాడు. సాహిత్య విద్యార్థిగా నాకిది తెలిసిన వ్యవహారమే. కథ ఎవరిదో ముందే తేలిపోయాక, మిగతావాళ్లు ఎన్నేళ్లు పనిచేసినా నేపథ్యంలో ఉండిపోతారు.

మరి నేనేం చేశాను? ఇంటర్వ్యూ తర్వాత మా చెల్లి దరఖాస్తు మళ్లీ తిరగరాశాం. పిన్ని మందుల పట్టిక "ప్రాసెస్ మేనేజ్‌మెంట్" అయింది. బీమా కాగితాలు "స్టేక్‌హోల్డర్లతో సంప్రదింపులు" అయ్యాయి. రాసింది అది చదువుకుని, "బాగుందక్కా, కానీ ఇందులో అమ్మ లేదు" అంది. తీసేశాను. సేవని వాళ్ల భాషలోకి మారిస్తేనే విలువ వస్తుందంటే, మార్చకముందు దానికి విలువ లేదని మనమే సంతకం పెట్టినట్టు. నిర్వహణ నేర్పిందని కాదు, ఒక మనిషి బతకడానికి అవసరమైన పని కాబట్టి అది పని.

మనవాళ్లలో కొందరు అడుగుతారు, కార్పొరేట్ కొలువుల కోసం పరుగెత్తే పిల్లల గొడవ స్త్రీవాద పత్రికలో ఎందుకని. 2017లో ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలయింది, యాభై మంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టమొచ్చింది. దాన్ని అమలు చెయ్యాలో ఎగ్గొట్టాలో తేల్చే కుర్చీల్లోకి ఈ పరీక్షలు దాటినవాళ్లే చాలామంది వెళ్తారు. తల్లిని చూసుకున్న కాలాన్ని ఖాళీ అనడం అక్కడే నేర్చుకున్న మేనేజరు, రేపు ప్రసూతి సెలవునుంచి తిరిగొచ్చిన మనిషిని ఏ కళ్లతో చూస్తాడు?

అందుకని అడగాల్సినవి కొన్నున్నాయి. దరఖాస్తులో ఇంటి సంరక్షణకి ఒక గడి పెట్టండి. దాన్ని ఏ కారణమూ అడక్కుండా అనుభవంగా లెక్కపెట్టండి. ఇంటర్వ్యూల్లో ఆ ఏళ్ల గురించి అడిగితే అబ్బాయిల్నీ అడగండి, మీ ఇంట్లో జబ్బుపడ్డవాళ్లని ఎవరు చూశారని. తప్పుకి కోత వల్ల అమ్మాయిలు ఎంత నష్టపోతున్నారో మీ దగ్గరున్న జవాబు పత్రాల్లోంచే లెక్కతీసి బయటపెట్టండి.

మనల్ని మనం అడుక్కోవాల్సిందీ ఒకటుంది. కొడుకు చదువుకుంటున్నాడంటే టీవీ గొంతు తగ్గించే ఇళ్లలో, కూతురు చదువుకుంటున్నప్పుడు ఎవరు లేచి పొయ్యి కట్టేస్తున్నారు?

క్యాట్ ఏటా నవంబరు చివరి ఆదివారం జరుగుతోంది. మా చెల్లి మళ్లీ రాస్తోంది. ఇప్పుడు పిన్ని కర్ర పట్టుకుని నడుస్తోంది గానీ ఒంటరిగా వదల్లేం. ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిదినుంచి పదకొండు దాకా పిన్ని దగ్గర నేనొక వారం, తమ్ముడొక వారం కూర్చోవాలని ఒప్పందం. వాడు మొదటి వారమే మీటింగుందన్నాడు. అది కాక ఇంకేముందని అడిగాను. బెంగుళూరునుంచి బస్సెక్కి వచ్చాడు.