బొమ్మకు కులం లేదు

ఆశా కార్యకర్తలకు ట్రైనింగు ఇస్తారు. అయ్యాక పని వచ్చిందా లేదా అని పరీక్ష పెడతారు. పెట్టాల్సిందే. చేతగాని చేతుల్లో మన పసిగుడ్లను పెట్టమని ఎవరడిగారు? మన తగవల్లా ఆ పరీక్ష ఎక్కడ పెడుతున్నారు, దేన్ని కొలుస్తున్నారు అన్న దగ్గరే.

హాల్లో బల్ల మీద ప్లాస్టిక్ బొమ్మ. గుడ్డలో చుట్టి చూపించు, థర్మామీటర్ చంకలో పెట్టి చూపించు, కాయితంలో రాయి. రాసినామెకు మార్కులు. బొమ్మకు కులం లేదు గదా! వాడలో పుట్టిన బిడ్డకుంది.

ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. ఇంట్లో పుడితే మొదటి రోజు కూడా. 2011లో దీనికి 250 రూపాయలు పెట్టారు. చేతుల్లోకి తీసుకోకుండా బిడ్డ బరువు తెలియదు. గుడ్డ తీయకుండా డొక్కలెగరేస్తున్న సంగతి తెలియదు. అందరూ అలా చేస్తారనం. కానీ గడప బయట నిలబడి "బాగుందా అమ్మా?" అని కేకేసి, పాత బరువుకు ఇంత కలిపి రాసుకుపోయే ఆమెకు కూడా హాల్లో నూటికి నూరు రావొచ్చు. పాలు మానేసిన బిడ్డ ఇక్కడ పోతుంటే కాయితంలో బరువు పెరుగుతూనే ఉంటుంది.

కల్పించి చెప్తున్నామా? 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం మీద చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు రావడం లేదని అందులో ఉంది. అది 2005లో ఆశాలు రాకముందు లెక్క. ఆ రోగం పోయిందో లేదో తర్వాత ఏ పరీక్షలో అడిగారు?

ఆశా మనామె అయితే కథ తిరగబడుతుంది. "బిళ్లలు అరుగు మీద పెట్టి పో" అంటారు ఊళ్లో. ఆ ఇళ్లు చూడలేదని ఆమెకు మార్కులు కోస్తే తప్పింది ఎవరు? బొడ్డు కోయడానికి మాత్రం చాలా ఊళ్లలో మన అవ్వల చేతులే కావాల్సొచ్చాయి!

చదువు తక్కువని వంక పెట్టొద్దు. మహారాష్ట్ర జామ్‌ఖేడ్‌లో 1970లో పని మొదలుపెట్టిన డాక్టర్లు రజనీకాంత్, మేబెల్ ఆరోలేలు అక్షరం రాని ఆడవాళ్లను, అందులో దళిత స్త్రీలను, ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టారు. వాళ్లు ఊళ్లో చూసింది వచ్చి చెప్పేవారు, తెలియంది మళ్లీ నేర్చుకునేవారు. ఒక్కరోజు పరీక్షతో తేల్చలేదు.

అయ్యా, పరీక్ష పెట్టేవారూ, వాడకు రండి. పురుడైన ఇల్లు మేం చూపిస్తాం. మా ముందే బిడ్డను తూయించండి. తక్కెడ పాడైతే ఆ తప్పు ఆశా మీద రాయొద్దు, మీ మీద రాసుకోండి. తల్లిని అడగండి: ఎన్నిసార్లు వచ్చింది? లోపలికొచ్చిందా? ముట్టిందా?

సంఘం తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వాళ్లొచ్చేదాకా ఆగొద్దు. ఈ పదిహేను రోజుల్లో మీ వాడలో బాలింతల దగ్గర ఇవే మూడు ప్రశ్నలడిగి, నోటుబుక్కులో రాసి, మండల మీటింగుకు తీసుకురండి.