చుట్టూ సముద్రం... ఇంజన్‌కి నీళ్లు కరువు!

కనుచూపు మేరంతా నీళ్లే. బోటు ఇంజన్ మాత్రం నీళ్లందక మాడిపోతోంది. పొడుపు కథలా ఉంది కదా? సముద్రంలో తిరిగే మరపడవలకి ఇది మామూలుగా వచ్చే జబ్బే. ఈ వారం దాని సంగతి చూద్దాం.

తెనాలిలో రైలెక్కితే రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి రోడ్డు పట్టుకుంటే నిజాంపట్నం హార్బర్ వస్తుంది. వేటకెళ్లే పెద్ద బోట్లలో ఉండేవి డీజిల్ ఇంజన్లు, మన లారీ ఇంజన్లకి దగ్గర చుట్టాలు. లారీకైతే ముందు రేడియేటర్ ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది, వేడిని గాలి లాక్కుపోతుంది. బోటు పొట్టలో దిగేసిన ఇంజన్‌కి అంత గాలి ఎక్కడిది? ఆ పని సముద్రమే చెయ్యాలి. మనం పోసే డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతు ఈ చల్లబరిచే నీళ్లలోకే పోతుంది.

చాలా బోట్లలో నీళ్లకి రెండు దారులుంటాయి. ఇంజన్ లోపల తిరిగేది కూలెంట్ కలిపిన మంచినీరు. బయటి నుంచి వచ్చేది ఉప్పునీరు. ఈ రెండూ కలవకుండా, పక్కపక్కనే ప్రవహిస్తూ వేడి మార్చుకునే చోటు హీట్ ఎక్స్‌ఛేంజర్. ఉప్పునీరు బోటు అడుగున ఉన్న వాల్వులోంచి వచ్చి, స్ట్రైనర్ అనే జల్లెడ దాటి, పంపులోని రబ్బరు రెక్కల ఇంపెల్లర్ తోస్తే ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లి, చివరికి బయట పడుతుంది. కొన్ని బోట్లలో పొగతో కలిసి పడుతుంది, కొన్నింటిలో విడిగా పైపులోంచి పడుతుంది. తెరచాప పడవల్లో ఉండే చిన్న ఇంజన్లదీ ఎక్కువగా ఇదే పద్ధతి.

ఇప్పుడు అసలు పాయింట్. టెంపరేచర్ ముల్లుని గుడ్డిగా నమ్మకండి. అది ఆలస్యంగా చెప్పే సాక్షి. పైగా ఒక్కోసారి తప్పు చెబుతుంది. కూలెంట్ మొత్తం కారిపోయిందనుకోండి, సెన్సర్ నీళ్లలో కాకుండా ఖాళీలో ఉండిపోతుంది. లోపల ఇనుము కాలిపోతున్నా ముల్లు కిందకే చూపించొచ్చు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే సర్వర్ పడిపోయింది, డ్యాష్‌బోర్డ్ మాత్రం పచ్చగా ఉంది! అందుకే కళ్లు పెట్టాల్సింది బయటికి పడే నీటి మీద. రోజూ ఎంత ధార పడుతుందో తెలిసినవాడికి, తగ్గిన రోజు ముల్లు లేవకముందే తెలిసిపోతుంది. సూర్యలంక లాంటి తీరాల్లో తిరిగే ఫైబర్ బోట్లకి అవుట్‌బోర్డ్ మోటారు ఉంటే, దాని పక్కనుంచి సన్నగా చిమ్మే ధారది కూడా ఇదే పని.

ధార తగ్గింది. ఏం చెయ్యాలి? ముందు వేగం తగ్గించాలి. నీళ్లు అసలు పడకపోతే ఇంజన్ ఆపెయ్యాలి. లోతు తక్కువైతే, ఒడ్డు దగ్గరైతే ముందు లంగరు వెయ్యాలి. ఇంజన్ ఆగిన బోటు ప్రవాహం చెప్పినట్టే వింటుంది.

తర్వాత నీళ్లు వచ్చే వరసలోనే వెతకాలి. ఒక్కోటే చూడాలి. అడుగు వాల్వు తెరిచి ఉందా? దాని మూతికి ప్లాస్టిక్ కవర్ అతుక్కుందా? స్ట్రైనర్‌లో నాచు, బురద నిండిందా? దాని మూత సరిగ్గా బిగిసిందా? వదులైతే పంపు నీళ్లకి బదులు గాలి పీలుస్తుంది. ఇవన్నీ బాగుంటే అప్పుడు ఇంపెల్లర్. అది నీళ్లు లేకుండా తిరిగితే కాసేపట్లోనే రెక్కలు చిరిగిపోతాయి. కొత్తది వేసే ముందు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. తగ్గిన ముక్కలు ఎక్కడికీ పోవు, ముందున్న పైపులోనో ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గరో ఇరుక్కుని ఉంటాయి. వాటిని తియ్యకపోతే కొత్త ఇంపెల్లర్ వేసినా పాత కథే.

ధార బాగానే ఉండి ఇంజన్ వేడెక్కుతోందా? అయితే తప్పు లోపలి దారిలో ఉండొచ్చు. కూలెంట్ మట్టం, పంపు తిప్పే బెల్టు, తెరుచుకోని థర్మోస్టాట్ చూడాలి. ఎక్స్‌ఛేంజర్ గొట్టాలకి ఉప్పు పేరుకున్నా ఇంతే. ప్రొపెల్లర్‌కి వల చుట్టుకున్నా ఇంజన్ మీద బరువు పెరిగి వేడెక్కుతుంది. ఇంకో గుర్తు: ఒక్కసారిగా వేడెక్కితే కవరో, బెల్టో, ఇంపెల్లరో అయ్యుండొచ్చు. మెల్లగా వెళ్తే బాగుండి, వేగం పెంచినప్పుడే వేడెక్కితే ఎక్కడో సగం పూడుకుపోయిందని అనుమానించాలి.

చెయ్యకూడనివి మూడు. వేడి మీద కూలెంట్ మూత తియ్యొద్దు. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తియ్యగానే ముఖం మీదకి చిమ్ముతాయి. మాడిన ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరించొద్దు, హెడ్ పగలొచ్చు. నీళ్లు పొగతో కలిసి బయటికెళ్లే రకమైతే, స్టార్ట్ కాని ఇంజన్‌ని అదే పనిగా సెల్ఫ్ కొట్టొద్దు. పంపు తోసిన నీళ్లని బయటికి నెట్టే పొగ ఉండదు కాబట్టి, సైలెన్సర్ నిండి అవి సిలిండర్లలోకి ఎక్కుతాయి.

మన తీరంలో ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. కృష్ణ తెచ్చే ఒండ్రు, మడ అడవుల మధ్య బురద కాల్వలు, పాటు సమయంలో అడుగంటే నీళ్లు. బోటు ఆ దారిలో వెళ్తే పంపు నీళ్లతో పాటు బురద కూడా తాగుతుంది. హార్బర్ చేరాక స్ట్రైనర్ కడగడం పది నిమిషాల పని. నడి సముద్రంలో ఇంజన్ పట్టేస్తే పోయేది ఐసులో ఉన్న చేపలు, డీజిల్ డబ్బు మాత్రమే కాదు. సరంగు, కలాసీల ప్రాణాలు కూడా గాలివాటుకి వదిలేసినట్టే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో 61 రోజులు వేట నిషేధం. ఎక్స్‌ఛేంజర్ విప్పి కడగడానికి, హోస్‌లు, బెల్టు మార్చడానికి ఇంతకంటే మంచి టైమ్ లేదు. తెనాలి, బాపట్లలో మెకానికల్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ రోజుల్లో ఒకసారి హార్బర్‌కి వెళ్లి చూడండి. హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠం కళ్లముందు విప్పి పెట్టి ఉంటుంది.

ఇంట్లో బోటు ఉన్నవాళ్లు ఈ మాట ఫార్వర్డ్ చెయ్యండి: స్పేర్ ఇంపెల్లర్, బెల్టు, స్ట్రైనర్ గాస్కెట్, వాటికి సరిపోయే స్పానర్లు బోటులోనే ఉండాలి, ఇంట్లో కాదు. అపాయంలో పిలవాల్సిన కోస్ట్ గార్డ్ నంబర్ 1554. సిగ్నల్ అందని చోట వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్.